వేటరోజు అనే కొలత

రెండు నిలువు వరుసలు. ఒకదానిలో ఏటేటా పట్టిన చేప బరువు, రెండోదానిలో దాన్ని పట్టడానికి సముద్రం మీద గడిపిన రోజులు. 1934 నుంచి 1955 దాకా ఇరవై రెండేళ్ళు, అంటే మొత్తం నలభై నాలుగు అంకెలు. మిల్నర్ షేఫర్ 1957లో అచ్చువేసిన వ్యాసానికి ముడిసరుకు ఇంతే. తూర్పు పసిఫిక్ ఉష్ణమండల జలాల్లో పసుపు రెక్కల ట్యూనా ఎంత ఉంది, ఏటా ఎంత పెరుగుతోంది, మందకు చేటు రాకుండా అందులో ఎంత పట్టుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలకు ఆయన ఈ అంకెల్లోంచే జవాబు తీశాడు. నీళ్ళలో ఒక్క చేపనూ లెక్కపెట్టలేదు.

ఆ వ్యాసం స్పానిష్ పాఠంతో కలిపి సుమారు నలభై పేజీలు. ఇంటర్ అమెరికన్ ట్రాపికల్ ట్యూనా కమిషన్ బులెటిన్‌లో వచ్చింది. అమెరికా, కోస్టారికా 1949లో సంతకాలు చేసుకున్న ఒప్పందంతో పుట్టిన సంస్థ అది. కాలిఫోర్నియాలో లా హోయా ఊళ్ళో, స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ ఆవరణలో దాని కార్యాలయం. షేఫర్ 1951 నుంచి 1963 వరకు దానికి తొలి పరిశోధనా సంచాలకుడు. చేపల మందల లెక్కల గురించి చదివే ప్రతి విద్యార్థికీ ఆయన పేరు ఒక సూత్రంగా ఎదురవుతుంది. నేనూ మొదట ఆ సూత్రాన్నే చూశాను. అసలు వ్యాసం దగ్గరికి వెళ్ళి, గళ్ళ కాగితం మీద ఆ ఇరవై రెండు చుక్కలు నా చేత్తో నేను పెట్టుకున్నాకే ఆయన పనితనం ఎక్కడుందో తెలిసింది. సూత్రం పాతదే. అంకెలను ఆ సూత్రానికి తగినట్టు సిద్ధం చేసిన తీరులో ఉంది పనితనమంతా.

ముందు చేప సంగతి. పసుపు రెక్కల ట్యూనా మన తీరంలో సూర అని పిలిచే జాతుల పెద్ద కుటుంబంలోనిది. వీపు మీదా కడుపు కిందా కొడవళ్ళలా వంగిన పొడవాటి పసుపు రెక్కలు దాని గుర్తు. ఎదిగితే రెండు మీటర్ల పొడవు దాటగలదు. పుట్టింది మొదలు చచ్చేదాకా ఈదుతూనే ఉండాలి. నోరు తెరుచుకుని ముందుకు సాగితేనే మొప్పల గుండా నీరు పారి ఊపిరి అందుతుంది. కండరాల్లో పుట్టిన వేడిని పోనీయకుండా దాచుకునే నెత్తుటి నాళాల అల్లిక దాని ఒంట్లో ఉంది. వెచ్చని నీళ్ళలో మళ్ళీమళ్ళీ, లక్షల్లో గుడ్లు పెడుతుంది. రెండు మూడేళ్ళకే ఆ ఈడుకొస్తుంది. త్వరగా పెరుగుతుంది, త్వరగా పోతుంది. అందుకే ఈ మంద పొట్టేళ్ళ మందలాంటిది కాదు. ఏడాదికేడాది తనను తాను చాలా వరకు కొత్తగా నింపుకునే మంద. షేఫర్ లెక్కలో ఈ స్వభావం ఒకే ఒక్క అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ కాలంలో ఈ చేపను పట్టినవాళ్ళు శాన్ డియేగో రేవునుంచి బయల్దేరే క్లిప్పర్ పడవలవాళ్ళు. మెక్సికో నుంచి పెరూ దాకా వేలాది మైళ్ళు పోయేవాళ్ళు. దారిలో తీరం దగ్గర ఆగి, ఎరకోసం చిన్నచేపల్ని వలేసి పట్టి, పడవలోని తొట్లలో బతికుండగానే మోసుకుపోయేవాళ్ళు. సూరల గుంపు కనబడగానే ఆ ఎరచేపల్ని నీళ్ళ మీద చల్లుతారు. గుంపు ఎగబడుతుంది. పడవ వెనక అంచుకు వెలుపల, నీటిని ఆనుకుని ఇనుప చట్రాల అరుగులుంటాయి. జాలర్లు వాటిలోకి దిగి, అలలు మోకాళ్ళను తాకుతుండగా వెదురు గడలతో నిలబడతారు. ఈక కట్టిన, ముల్లు లేని గేలం. చేప కరవగానే ఒక్క ఊపున తల మీదుగా వెనక్కి విసిరితే, అది గేలం విడిపోయి పడవలో పడుతుంది. మరుక్షణం గడ మళ్ళీ నీళ్ళలో ఉంటుంది. పెద్ద చేపలున్న చోట ఒకే గేలానికి రెండు గడలు, ఇంకా పెద్దవైతే మూడు గడలు కట్టేవాళ్ళు. ముగ్గురు మనుషులు ఒకే లయలో వంగి ఒకే లయలో లేవాలి. లయ తప్పితే చేపైనా పోతుంది, మనిషైనా పోతాడు.

ఇలాంటి పనిని ‘ఒక రోజు’ అనే అంకెలోకి ఎలా దించాలి? షేఫర్ ముందున్న తొలి చిక్కు ఇదే.

కొన్ని పడవలు యాభై టన్నులు పట్టేవి, కొన్ని నాలుగు వందల టన్నులకు పైగా పట్టేవి. పెద్ద పడవలో గడలు పట్టేవాళ్ళు ఎక్కువ, ఎర ఎక్కువ, అది దూరం పోగలదు. ఆ పడవ రోజూ ఈ పడవ రోజూ కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. తవ్వల్నీ కుంచాల్నీ కలిపి ‘పది కొలతల బియ్యం’ అన్నట్టుంటుంది. కమిషన్ వాళ్ళు పడవల్ని సరుకు పట్టే శక్తిని బట్టి ఆరు తరగతులు చేశారు. అందులో నాలుగో తరగతిని, అంటే 201 నుంచి 300 టన్నులు పట్టే క్లిప్పర్‌ను, ప్రమాణంగా నిలబెట్టారు. ఒకే ఏడాది, ఒకే నీళ్ళలో వేటాడిన వేరే తరగతి పడవకు రోజుకు ఎంత పడిందో, నాలుగో తరగతి పడవకు ఎంత పడిందో పోల్చారు. ఆ నిష్పత్తితో ప్రతి పడవ రోజునూ నాలుగో తరగతి క్లిప్పర్ రోజుగా మార్చారు. రెండో నిలువు వరుసలోని ప్రతి అంకె వెనకా ఇంత కుట్టుపని ఉంది. 1934కు 5,879 ప్రామాణిక రోజులు. 1953కు 36,423.

ఈ కుట్టుపనిలో షేఫర్‌తో పాటు మరో మనిషి చెయ్యి ఉంది. బెల్ షిమాదా. సియాటిల్‌లో 1922లో పుట్టిన జపనీయుల బిడ్డ. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపనీయ కుటుంబాలను ముళ్ళకంచెల శిబిరాలకు తరలించినప్పుడు ఆయనా అక్కడికి వెళ్ళాల్సివచ్చింది. అక్కడినుంచే సైన్యంలో చేరాడు. యుద్ధం తర్వాత చదువు ముగించుకుని, పసిఫిక్ ట్యూనా పరిశోధనలోకి వచ్చాడు. కెప్టెన్లు రాసుకున్న పాత లాగ్ పుస్తకాలు, ఒడ్డున దించిన సరుకు లెక్కలు ఆధారంగా పసుపు రెక్కల ట్యూనా, స్కిప్‌జాక్ అనే మరో జాతి ట్యూనా రెండింటి వేట ఒత్తిడి, సమృద్ధి, దిగుబడి ఎలా మారాయో 1956లో షేఫర్‌తో కలిసి ప్రచురించాడు. 1957 వ్యాసం నిలబడింది ఆ పునాది మీదే. 1958 జూన్‌లో పరిశోధన యాత్రకు వెళ్తుండగా మెక్సికోలో గ్వాదలహారా దగ్గర విమానం కూలి చనిపోయాడు. అదే విమానంలో, భూమధ్యరేఖ వెంట నీటి పైపొర కింద తూర్పుకు పారే సముద్ర ప్రవాహానికి తన పేరు ఇచ్చిపోయిన టౌన్సెండ్ క్రామ్వెల్ కూడా ఉన్నాడు. అమెరికా మత్స్య పరిశోధన నౌక ఒకటి ఇప్పుడు షిమాదా పేరుతో తిరుగుతోంది. అంకెల వెనకాల మనుషులుంటారని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

రోజు అంటే ఏమిటన్న మాట విశాఖ చేపలరేవులో ఒకసారి మళ్ళీ నా చెవిన పడింది. పసుపు రెక్కల సూర కోసం గేలాలతో లోతు నీళ్ళలోకి పోయే చిన్న ఇంజను పడవలు అక్కడ ఉంటాయి. అప్పుడే తిరిగొచ్చిన ఒక పెద్దాయనను, ఎన్నాళ్ళు వేట చేశారు బాబాయ్ అని అడిగాను. “మూడ్రోజులు ఎతుకులాటే బాబూ. నాలుగోనాడు తగిలినాయి” అన్నాడు. మరి నేను నాలుగు రాయనా, ఒకటి రాయనా అంటే, నాలుగూ రాసుకోమన్నాడు. తిరిగిన రోజుకు కూడా డీజిలు పోసింది తానే కదా అని ఆయన లెక్క. షేఫర్ లెక్క కూడా అదే. వేటమైదానంలో గుంపును వెతుకుతూ గడిచిన రోజు కూడా వేటరోజే. చేపలు పలచబడినప్పుడు మొదట పెరిగేది వెతుకులాట. దాన్ని కొలతలోంచి తీసేస్తే, మంద తగ్గుతున్న సంగతే కొలతకు అందదు.

ఇక లెక్కలోకి వెళ్దాం. ఒక జీవరాశి తన చోటు నిండేదాకా మొదట నెమ్మదిగా, నడుమ జోరుగా, చివర మళ్ళీ నెమ్మదిగా పెరుగుతుందన్న ఊహ పియర్ ఫ్రాంస్వా వెర్హుల్స్ట్ 1838లోనే చెప్పాడు. దాన్ని ఉత్తర సముద్రపు చేపల వేటకు అన్వయించి మైకేల్ గ్రాహం 1935లో రాశాడు. వీళ్ళ మాట ప్రకారం మంద నిండుగా ఉన్నప్పుడు మిగులు పెరుగుదల లేదు, పుట్టినదంతా పోయినదానికి సరి. మంద అడుగంటినప్పుడూ లేదు, కనేవి తక్కువ. సగం దగ్గర ఉన్నప్పుడే అత్యధికం. వేట ఒత్తిడిని అడ్డంగా, నిలకడగా దొరికే పట్టుబడిని నిలువుగా గీస్తే బోర్లించిన విల్లులా వంపు వస్తుంది. ఇదంతా షేఫర్‌కు ముందే ఉంది.

అయితే ఈ విల్లు మీద ప్రతి చుక్కా మంద ఒక నిలకడకు వచ్చాక కనిపించేది. ఒత్తిడి ఏళ్ళ తరబడి మారకుండా ఉంటేనే ఆ నిలకడ వస్తుంది. నిజమైన సముద్రంలో ఒత్తిడి ఏటా మారుతుంది. 1934లో ఆరువేల రోజులకు లోపు, 1950కల్లా ముప్పై ఒక్క వేల పైన. మంద ఎప్పుడూ ఏదో ఒక వైపు జారుతూనే ఉంటుంది. జారుతున్న మంద నుంచి తీసిన అంకెల్ని నిలకడ మంద వంపు మీద తెచ్చి పెడితే అవి అబద్ధం చెబుతాయి. షేఫర్ ఈ చిక్కును దాటిన తీరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మన పల్లెల్లో గాదె ఉండేది. దానిలోంచి ఏడాది పొడవునా వడ్లు తీస్తారు, మరోవైపు కొత్త వడ్లు పోస్తుంటారు. పోసినది మీరు చూడలేదు, తీసినది మాత్రం రాసుకున్నారు. పోసినదెంతో తెలుసుకోవాలంటే ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కర్ర గుచ్చి మట్టం చూస్తే చాలు. తీసినదానికి మట్టంలో తేడాను కలిపితే పోసినదెంతో వస్తుంది. మట్టం పెరిగితే కలపాలి, తగ్గితే తీసేయాలి. షేఫర్‌కు కర్ర ఏమిటంటే ఒక ప్రామాణిక రోజుకు పడిన చేప బరువు. మంద సగానికి తగ్గితే రోజు పట్టుబడీ సగానికి తగ్గుతుందని ఆయన నమ్మకం. 1934లో ఆ కర్ర మీద మట్టం రోజుకు పదివేల పౌండ్ల పైన ఉంది. పౌండంటే అర కిలోకు కాస్త తక్కువ. 1953లో నాలుగు వేలకు లోపు.

చిన్న ఇబ్బంది ఏమిటంటే ఏడాది రోజు పట్టుబడి అనేది ఆ ఏడాది సగటు. అంటే నడిఏటి మట్టం. ఆయనకు కావలసింది జనవరి మొదట్లోది, డిసెంబరు చివర్లోది. జనవరి మట్టమంటే నిరుటి నడుముకూ ఈ ఏటి నడుముకూ మధ్యన ఉండేది, కాబట్టి ఆ రెండింటి సగటు. డిసెంబరు మట్టమంటే ఈ ఏటిదీ వచ్చే ఏటిదీ కలిపిన సగటు. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే ఈ ఏటి అంకె తనంత తానే రద్దయిపోతుంది. వచ్చే ఏటి అంకెలోంచి నిరుటి అంకె తీసేసి సగం చేస్తే చాలు. ఇంత చిన్న ఎత్తు. బడిలో నేర్చిన కూడికలు, తీసివేతల కంటే ఇందులో ఏమీ లేదు. కానీ దీనితో జారుతున్న మందను నిలబెట్టనవసరం లేకుండానే దాని పెరుగుదలను కొలవడం వీలయింది. నాకు మంచి వడ్రంగి పని గుర్తొస్తుంది. రెండు చెక్కల్ని మేకు లేకుండా ఒకదానిలో ఒకటి దిగేలా కోసి కలిపే పని.

గాదె వైశాల్యం మాత్రం ఇంకా తెలియదు. మట్టం ఒక జానెడు తగ్గిందంటే ఎన్ని పుట్ల వడ్లు తగ్గాయో తెలియాలంటే అది కావాలి. దానికోసం వేట ఎంత పదునైనదో చెప్పే అంకె ఒకటి ఆయన ఆ ఇరవై రెండేళ్ళ వరుసలోంచే విడదీశాడు. ఒక ప్రామాణిక రోజు వేట, మందలో ప్రతి లక్ష పౌండ్లకు 3.8 పౌండ్ల చొప్పున ఎత్తుకుపోతుంది. అంతే. ఈ ఒక్క అంకెతో రోజు పట్టుబడి మొత్తం మంద బరువుగా మారుతుంది.

ఈ పద్ధతి ఏం చూపగలదో తెలియాలంటే ఒక్క ఏడాది తీసుకుంటే చాలు. 1952 తీసుకుందాం. ఆ ఏడు సుమారు 19.2 కోట్ల పౌండ్లు పట్టారు. రేవులో నిలబడి చూసినవాళ్ళకు అది మంచి ఏడాది, అంతకుముందు ఏడాది కంటే ఎక్కువే. ఇప్పుడు కర్ర గుచ్చుదాం. 1951లో రోజు పట్టుబడి సుమారు 9,800 పౌండ్లు, 1953లో సుమారు 3,800. తేడా ఆరువేలు, సగం మూడువేలు, అదీ తరుగుదల వైపు. దాన్ని లక్షకు 3.8 అనే నిష్పత్తితో మంద బరువుగా మారిస్తే సుమారు 7.9 కోట్ల పౌండ్లు. అంటే ఆ ఏడాది సముద్రం నిజంగా ఇచ్చింది 11.3 కోట్లే. మిగతా దాదాపు ఎనిమిది కోట్లూ గాదె అడుగునుంచి గోకి తెచ్చినవి. ఆయన సూత్రం పట్టుకుని నేనే వేసుకున్న లెక్క ఇది. వేసి, చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. సరుకు నిండుగా దిగుతున్న రేవులోనే మంద కరిగిపోతుండవచ్చు. కంటికి ఆనని ఆ సంగతిని ఒక తీసివేత బయటపెట్టింది. ఒక్క ఏడాది అంకె మీద ఇంత భారం మోపకూడదని నాకు తెలుసు. నీళ్ళు చల్లబడినా, గుంపులు పక్కకు జరిగినా కూడా రోజు పట్టుబడి పడిపోతుంది. అందుకే ఇరవై రెండేళ్ళూ కావాలి.

ఆ ఇరవై రెండేళ్ళలో ఒక అదృష్టం కలిసివచ్చింది. ఒత్తిడి ఎప్పుడూ పెరుగుతూనే పోయి ఉంటే, రోజు పట్టుబడి తగ్గడానికి కారణం వేటేనా, మరొకటా అన్నది తేలేది కాదు. యుద్ధం వచ్చింది. అమెరికా నౌకాదళం క్లిప్పర్లను తీసుకుని, గస్తీకీ సరుకు చేరవేతకూ వాడుకుంది. 1940లో 10,801గా ఉన్న వేటరోజులు 1942లో ఆరువేలకు లోపుకు పడ్డాయి. 1942లో ఏడువేల పౌండ్లున్న రోజు పట్టుబడి 1944కల్లా పదివేలకు దగ్గరైంది. తర్వాత వేట మళ్ళీ ఉధృతమైంది, మట్టం మళ్ళీ పడింది. 1950ల నడుమ జపాన్ నుంచి దిగుమతయ్యే ట్యూనా పోటీకి తట్టుకోలేక శాన్ డియేగో పడవలు రేవులో నిలిచిపోయాయి. 1953లో 36,423గా ఉన్న రోజులు 1955లో 17,806కు దిగాయి. రోజు పట్టుబడి 3,800 నుంచి 7,900 దగ్గరకు లేచింది. ఒత్తిడి వదిలినప్పుడల్లా మంద లేచింది, పెంచినప్పుడల్లా కుంగింది. ఏ శాస్త్రజ్ఞుడూ అడిగి చేయించుకోలేనంత పెద్ద ప్రయోగాలు ఇవి. యుద్ధమూ బజారూ వాటిని చేసిపెట్టాయి. వాటిని ప్రయోగాలుగా గుర్తించడం షేఫర్ వంతు.

చివరికి తేలింది ఇది. వేటే లేకపోతే ఆ మంద మొత్తం బరువు సుమారు 13.4 కోట్ల కిలోలు. నేను ముందు చెప్పిన పెరుగుదల అంకె ఏడాదికి 2.61. తిమింగలాలకు ఇది వందలో కొన్ని వంతులే ఉంటుంది. పసుపు రెక్కల ట్యూనా ఎంత వడిగా తనను తాను నింపుకుంటుందో ఈ అంకెలో తెలుస్తుంది. మంద సగం దగ్గర ఉంచి వేటాడితే ఏటా సుమారు 19 కోట్ల పౌండ్లు నిలకడగా దొరుకుతాయి. అందుకు కావలసిన వేట సుమారు 34,000 ప్రామాణిక రోజులు. అంతకు మించి ఎన్ని రోజులు తిరిగినా, కాలం గడిచేకొద్దీ దొరికేది తగ్గుతుంది. 36,423 రోజులు వేటాడిన 1953 ఈ గీతను దాటింది.

ఆయన మాట్లాడని చోటు కూడా నాకు ఇష్టం. అదే పడవలు, అదే నీళ్ళలో, అదే గేలాలతో స్కిప్‌జాక్‌నూ పట్టేవి. ఆ అంకెలూ ఆయన చేతిలోనే ఉన్నాయి. కానీ స్కిప్‌జాక్ రోజు పట్టుబడికీ వేట ఒత్తిడికీ సంబంధం కనబడలేదు. ఒత్తిడి పెరిగినా అది కుంగలేదు, తగ్గినా లేవలేదు. ఆ మందను అప్పటి వేట కదిలించలేదన్నమాట. కదలని మట్టంతో గాదె లోతు తెలియదు. కాబట్టి ఆ చేపకు విల్లు గీయలేదు. చేతిలో సూత్రం ఉండి కూడా వాడకుండా ఉండగలగడం అరుదు.

అదే 1957లో ఇంగ్లండులో రేమండ్ బెవర్టన్, సిడ్నీ హోల్ట్ ఐదువందల పేజీలు దాటిన గ్రంథం ఒకటి వెలువరించారు. చేప వయసు, ఎదుగుదల, వలకన్ను వెడల్పు, వేటవల్ల చావు, వేరే కారణాల చావు, అన్నిటినీ విడివిడిగా కట్టి చూపిన మహా నిర్మాణం. ఈ రంగంలో దానికి సాటి లేదనేవాళ్ళతో నేను వాదించను. కానీ దానిలోకి వెళ్ళాలంటే ప్రతి చేప వయసూ తెలియాలి. చల్లటి నీళ్ళ చేపకు చెవిరాయి మీద ఏటికొక వలయం పడుతుంది, చెట్టు మొద్దు మీద పడినట్టు. ఏడాదంతా వెచ్చగా ఉండే నీళ్ళలో తిరిగే ట్యూనాకు అలాంటి వలయాలు చదవడం కష్టం. వయసు తెలియని చేపకు రెండు వరుసల అంకెలతో దారి చూపినవాడు షేఫర్.

ఇక ఆ పనిలో విరిగిన చోట్ల గురించి. కర్ర నమ్మదగినదిగా ఉన్నంతకాలమే గాదె లెక్క. 1950ల చివర్లో నైలాన్ వలలు వచ్చాయి, మారియో పురెటిచ్ కనిపెట్టిన పవర్ బ్లాక్ వచ్చింది. పడవ పైన కట్టిన ఆ కప్పీ టన్నుల బరువున్న వలను యంత్రంతో లాగేస్తుంది. 1959 నుంచి 1961 లోపల శాన్ డియేగో క్లిప్పర్లు చాలా వరకు గడలు పక్కనపెట్టి, గుంపు చుట్టూ వలవేసి అడుగు బిగించే పర్స్‌సీన్ పడవలుగా మారిపోయాయి. మూడు గడల లయ ఆ రెండు మూడేళ్ళలోనే ఆ రేవులో దాదాపు మాసిపోయింది. ఇప్పుడు ఒక రోజంటే ఏమిటి? నాలుగో తరగతి క్లిప్పర్ రోజుకు సాటి చేయడానికి క్లిప్పర్లే మిగలలేదు. మళ్ళీ కొత్తగా నిష్పత్తులు కట్టుకోవాల్సి వచ్చింది.

షేఫర్ లెక్కను ఆధారం చేసుకుని కమిషన్ తీరానికి ఆనుకున్న విశాల ప్రాంతాన్ని గీతగీసి, అందులో పసుపు రెక్కల ట్యూనాకు పరిమితి పెట్టాలని సిఫారసు చేసింది. అది అమలుకు వచ్చింది 1966లో. 1969లో కమిషన్ మరో సాహసం చేసింది. తెలిసి తెలిసి పరిమితిని లెక్క చెప్పినదానికంటే పైకి, 1,20,000 షార్ట్ టన్నులకు పెంచింది. అంటే 24 కోట్ల పౌండ్లు. విల్లు నిజమైతే కొన్నేళ్ళలో మంద కుంగాలి. పడవలు ఒడ్డుకు దూరంగా, ఇదివరకు వేట లేని నీళ్ళలోకి పోయాయి. పెద్ద చేపలు పడ్డాయి. మంద అనుకున్నంతగా కుంగలేదు. షేఫర్ కొలిచింది క్లిప్పర్లు చేరగలిగిన నీళ్ళలోని గాదెను మాత్రమే. దాని వెనక ఇంకో గది ఉంది. అదే 1969లో అదే కమిషన్‌లో పనిచేసే జెరోమ్ పెల్లా, పాట్రిక్ టామ్లిన్సన్ విల్లు శిఖరం సరిగ్గా సగం దగ్గరే ఉండనవసరం లేదని, దాన్ని అటూ ఇటూ జరపగలిగేలా సూత్రాన్ని విస్తరించారు.

ఇది షేఫర్ ఓటమి అని రాసినవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఎన్ని రోజులు వేటాడితే ఎంత దొరుకుతుందో, ఎక్కడ పట్టుబడి తిరుగుముఖం పడుతుందో అంకెలుగా చెప్పాడు కాబట్టే పరీక్షించగలిగారు. ఏ కీలు దగ్గర విరిగిందో కూడా కనబడింది. విరిగిన చోటు తెలిసేలా చేసిన వస్తువును బాగుచేసుకోవచ్చు.

నాకు బాధ కలిగించేది మరొకటి. ఆ విల్లు శిఖరం, గరిష్ఠ నిలకడ దిగుబడి అన్న మాట, షేఫర్ వ్యాసం కంటే ముందే రాజకీయ లక్ష్యమై కూర్చుంది. 1955లో ఐక్యరాజ్యసమితి రోమ్‌లో జరిపిన సముద్ర వనరుల సదస్సులో దాన్ని ఎత్తిపట్టారు. 1982 సముద్ర న్యాయ ఒడంబడికలోనూ చేరింది. జారే మందనూ మారే సముద్రాన్నీ చూసి గీసిన గీతను, కొండ శిఖరంలా ఎక్కి నిలబడే చోటుగా చదువుకున్నారు. శిఖరం మీద నిలబడ్డవాడికి ఒక్క అడుగు అవతల పల్లమే. కెనడా శాస్త్రజ్ఞుడు పీటర్ లార్కిన్ 1977లోనే ఈ భావనకు సమాధి ఫలకం రాస్తున్నానని ప్రకటించి వ్యాసం రాశాడు. అయినా అది చావలేదు. హిందూ మహాసముద్రపు ట్యూనాల మంచి చెడ్డలు చూసే కమిషన్ ఇవాళ్టికీ మందను ఆ గీతతోనే పోల్చి చెబుతుంది.

సేషెల్స్‌లోని విక్టోరియాలో ఉండే ఆ కమిషన్ 2015 మదింపులో హిందూ మహాసముద్రపు పసుపు రెక్కల ట్యూనా మంద మితిమీరిన వేటతో తగ్గిపోయిందని తేల్చింది. మరుసటి ఏడు పట్టుబడి తగ్గింపులకు తీర్మానం చేసింది. 2024 మదింపులో ఆ ముద్ర తొలగింది. ఈ మదింపుల్లో ఇప్పుడు చేపల పొడవులు, గుర్తుబిళ్ళలు కట్టి వదిలిన వేలాది ట్యూనాల జాడలు, పెద్ద కంప్యూటర్లు అన్నీ ఉన్నాయి. అయినా మంద పైకా కిందికా అన్నది చెప్పడంలో, గేలాలు కట్టిన పొడవాటి తాడు వేసే లాంగ్‌లైన్ పడవల పట్టుబడి సూచికకు పెద్ద పాత్ర. వెయ్యి గేలాలకు ఎన్ని చేపలు అన్న అంకె అది. 2024లో బొమ్మ మారడానికి ఆ సూచికను తిరిగి సరిదిద్దుకోవడం ఒక ముఖ్య కారణం. కర్ర మార్చారు, గాదె మట్టం వేరుగా కనిపించింది.

ఈ సూచికలో ఒక దశ నన్ను మళ్ళీ షేఫర్ దగ్గరికి తీసుకెళ్ళింది. 2008 తర్వాత కొన్నేళ్ళు సోమాలియా సముద్రపు దొంగల భయంతో లాంగ్‌లైన్ పడవలు పశ్చిమ హిందూ మహాసముద్రాన్ని చాలావరకు ఖాళీ చేసి పోయాయి. నౌకాదళం తీసుకుపోయిన క్లిప్పర్ల లాంటి కథే. కానీ ఈసారి వదిలిన ఒత్తిడిని చదవడం తేలిక కాలేదు. అక్కడ మిగిలిన పర్స్‌సీన్ పడవలకు ఇప్పుడు వెతుకులాటే తక్కువ. సముద్రంలో తేలే తెప్పలు వదిలి, వాటికి ఉపగ్రహంతో మాట్లాడే బోయాలు కట్టారు. ఆ బోయాల్లో కిందనున్న చేపను శబ్దంతో పసిగట్టే యంత్రం ఉంటుంది. ఏ తెప్ప కింద ఎంత చేప చేరిందో పడవలో కూర్చున్న కెప్టెనుకు తెరమీద కనబడుతుంది. నేరుగా అక్కడికే పోతాడు. మూడ్రోజుల ఎతుకులాట లేదు. మంద పలచబడినా అతని రోజు పట్టుబడి పడిపోకుండా చాలాకాలం నిలబడగలదు. ఈ పడవ రోజును ఏ రోజుతో సాటి చేయాలో, తెప్పల్ని లెక్కపెట్టాలా, బోయాల్నా, వల వేసిన మార్లనా, అన్నదాని మీద శాస్త్రజ్ఞులు ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. షిమాదా, షేఫర్ కూర్చున్న బల్ల దగ్గరే, లాగ్ పుస్తకం తెరిచిన పేజీ దగ్గరే ఉన్నారు వాళ్ళు.